జర్మన్ రాకుండా జర్మనీలో ఎన్నాళ్లు?

తమ్ముడూ, నువ్వు అడిగింది క్లుప్తంగా ఇదీ: స్టుట్‌గార్ట్‌లో జాబ్ వచ్చింది, బ్లూ కార్డ్ మీద, అంటే చదువుకున్న ఉద్యోగులకిచ్చే పర్మిట్ మీద వస్తున్నావు, టీమ్‌లో అంతా ఇంగ్లిషే. జర్మన్ నేర్చుకోవాలా, లేక ఆ టైమ్ ఏదైనా క్లౌడ్ సర్టిఫికేషన్ మీద పెడితే మేలా? చివర్లో కాస్త కోపంగా ఇంకోటి కూడా అడిగావు, మన పని మనం చేసుకుంటూ పన్నులు కడుతుంటే భాష నేర్చుకోమని బలవంతం చేసే హక్కు వీళ్లకెక్కడిదని.

మొదటిదానికి జవాబు: నేర్చుకో. బీ1 దాకా తప్పనిసరిగా (ఇక్కడ భాష మెట్లు ఏ1, ఏ2, బీ1, బీ2, సీ1 అని పైకి పోతాయి), అదీ వచ్చిన మొదటి రెండేళ్లలోనే. రెండోదానికి నా దగ్గర అంత సూటి జవాబు లేదు. కింద రాస్తాను, ఓపిగ్గా చదువు.

నేను 2012 చివర్లో వచ్చాను, బ్లూ కార్డ్ అప్పుడే కొత్తగా మొదలైంది. నీలాగే ఇంగ్లిష్ టీమ్. మా మేనేజర్ మొదటి రోజే "ఇక్కడ జర్మన్ అక్కర్లేదు" అన్నాడు, ఆ మాట పట్టుకుని నేను రెండున్నరేళ్లు హాయిగా కూర్చున్నాను. ఇంగ్లిష్‌తో నడిచిపోతుందని నీకు చెప్పినవాళ్లు అబద్ధం చెప్పలేదు, నిజంగానే నడుస్తుంది. కానీ ఎవరి కాళ్ల మీద నడుస్తోందన్నదే అసలు సంగతి. బ్యాంకుకి వెళ్లాలంటే ఒక కొలీగ్, ఇల్లు చూడ్డానికి వెళ్లాలంటే ఇంకో కొలీగ్, ఫారినర్స్ ఆఫీసులో టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, ఉంటే మన తెలుగు గ్రూపులో "ఎవరైనా రాగలరా" అని మెసేజ్. ఊళ్లో పంచాయితీలో నలుగురి ముందూ గట్టిగా మాట్లాడిన మనిషిని, ఇక్కడ పోస్ట్ ఆఫీసు కౌంటర్ దగ్గర పక్కవాడి మొహం చూస్తూ నిలబడేవాణ్ణి. నోరుండీ మూగవాణ్ణవడం అంటే ఏంటో నాకు ఇక్కడే తెలిసింది.

ముందు నవ్వు తెప్పించేది చెప్తాను. మేం అద్దెకు దిగిన మూడో వారం, పొద్దున్నే తలుపు పిడికి ఒక చిన్న చెక్క పలక వేలాడుతోంది. దాని మీద కేర్‌వోఖ అని ఏదో రాసి ఉంది. ఎవరో పొరపాటున మా తలుపుకి తగిలించారనుకుని, తీసి ఎదురింటి పిడికి తగిలించి ఆఫీసుకి వెళ్లిపోయాను. సాయంత్రానికి అది మళ్లీ మా తలుపుకే ఉంది. మళ్లీ ఎదురింటికి పెట్టాను. అలా నాలుగు రోజులు ఆ పలక అటూ ఇటూ తిరిగింది. ఐదో రోజు ఎదురింటి పెద్దావిడ బకెట్, తుడుపు కర్ర పట్టుకుని వచ్చి మా గుమ్మం ముందు నిలబడి, మెట్లు చూపించి, నన్ను చూపించి, బకెట్ నా చేతిలో పెట్టింది. ఆ పలక ఎవరి తలుపుకి ఉంటే ఆ వారం మెట్లు తుడవడం వాళ్ల వంతట. స్టుట్‌గార్ట్ చుట్టూ ఉన్న ఈ ష్వాబెన్ ప్రాంతంలో ఆ వంతు తప్పడం అంటే మామూలు విషయం కాదు. నేను నాలుగు రోజులు వరసగా నా పని ఆవిడ మీదకి నెట్టానని ఆవిడ అనుకుంది, అందులో ఆవిడ తప్పేముంది?

ఇక ఉత్తరాలు. ఈ దేశంలో ఏదైనా ఉత్తరంలోనే వస్తుంది, ఇప్పటికీ. వచ్చిన కొత్తలో అర్థం కాని కవర్లన్నీ ఒక షూ డబ్బాలో వేసేవాణ్ణి, తీరిగ్గా చూద్దామని. వాటిలో ఒకటి ఇంటింటికీ కట్టాల్సిన రేడియో-టీవీ ఫీజుది. ఇప్పుడది నెలకి 18 యూరోల పైచిలుకు, ఇంట్లో టీవీ లేకపోయినా కట్టాల్సిందే. నేను దాన్ని ఏదో కేబుల్ కంపెనీ యాడ్ అనుకున్నాను. మూడో ఉత్తరానికి జరిమానా కలిపి పంపారు. తప్పు పూర్తిగా నాదే, అందులో వాదించడానికి ఏమీ లేదు. కానీ ఒక్కటి గుర్తుపెట్టుకో: ఇక్కడ ప్రభుత్వ ఆఫీసు నుంచి బెషైడ్ అని ఏదైనా నిర్ణయం వస్తే, అభ్యంతరం చెప్పడానికి మామూలుగా ఒక నెల గడువు ఉంటుంది. ఆ గడువు సంగతి ఆ కాగితం చివరి పేరాలో, మన కంటికి ఆనని చోట ఉంటుంది. షూ డబ్బాలో ఉన్న కాగితానికి గడువు ఆగదు.

పాప పుట్టాక ఈ నవ్వులాటలు పోయాయి. దానికి రెండేళ్లప్పుడు ఒక శనివారం రాత్రి ఒళ్లు కాలిపోతోంది, 39 డిగ్రీల జ్వరం. క్లినిక్‌లు మూసే ఉంటాయి కదా, డాక్టర్ ఆన్ కాల్ నంబర్ 116117కి ఫోన్ చేశాను. అప్పటికి నాకు ఏ2 వచ్చు, మాట్లాడగలననే ధైర్యం. ఈ భాషలో అంకెలు తలకిందులుగా చెప్తారు, ముప్పై తొమ్మిది అనరు, తొమ్మిదీ-ముప్పై అంటారు. కంగారులో ఏది ముందో ఏది వెనకో తారుమారై, పాపకి 93 డిగ్రీల జ్వరం ఉందని చెప్పాను. అవతల ఒక్క క్షణం నిశ్శబ్దం. తర్వాత ఆవిడ చాలా మెల్లగా, ఒక్కో అంకె విడివిడిగా చెప్పమంది. మూడు, తొమ్మిది. నీళ్లు తాగుతోందా, ఒంటి మీద దద్దుర్లు ఉన్నాయా, మెడ వంచగలుగుతోందా అని ఒక్కోటీ అడిగింది. దద్దుర్లకి వాళ్ల మాట నాకు తెలియలేదు. మా ఆవిడ పక్కన నిలబడి "ఏమంటోంది, ఏమంటోంది" అంటోంది, నేను ఫోన్ చెవికి నొక్కుకుని చెమటలు కక్కుతున్నాను. పాపకి ఏమీ కాలేదు, మామూలు వైరల్ జ్వరం. కానీ ఆ పది నిమిషాలు నాకు ఇప్పటికీ గుర్తే. మరుసటి సోమవారమే మళ్లీ క్లాసులో చేరాను. ఆఫీసు కోసం కాదు, పీఆర్ (శాశ్వత నివాస అనుమతి) కోసం కూడా కాదు.

ఇంకోటి చెప్పకపోతే నాకు మనసొప్పదు. పాప కిటాలో, అంటే ఇక్కడి బాలవాడిలో, చేరిన మొదటి వానాకాలం. తలుపు మీద ఒక చీటీ అంటించారు, ఫలానా రోజు నుంచి అందరూ మాచ్‌హోజె తేవాలని. నేను ఫోటో తీసి తర్వాత చూద్దాంలే అనుకున్నాను, మర్చిపోయాను. వారం తర్వాత ఒక రోజు త్వరగా వెళ్తే, పిల్లలంతా వెనక పెరట్లో బురదలో దొర్లుతున్నారు, మోకాళ్లదాకా మట్టి, ఒకటే అరుపులు. మా పాప మాత్రం లోపల కిటికీ దగ్గర ఒక టీచర్ పక్కన కూర్చుని అద్దంలోంచి చూస్తోంది. మాచ్‌హోజె అంటే బురదలో ఆడుకునేటప్పుడు పైన వేసే రబ్బరు ప్యాంటు, అంతే. షాపులో పదిహేను యూరోలు. ఆ ఒక్క మాట తెలియక మా పాప వారం రోజులు అద్దం వెనక కూర్చుంది. టీచర్ ఏమీ అనలేదు, "మీరు చూడలేదేమో అనుకున్నాం" అంది. చూశాను తల్లీ, చదవలేకపోయాను అని చెప్పడానికి కూడా నాకప్పుడు వాక్యం రాలేదు.

ఇప్పుడు నీ సర్టిఫికేషన్ లెక్కకి వద్దాం. అది వద్దని నేననను, కానీ ఉద్యోగం ఉన్నన్నాళ్లు ఆఫీసులో ఇంగ్లిష్ నడుస్తుంది, పోయేటప్పుడు మాత్రం అంతా జర్మన్‌లోనే ఉంటుంది. మొన్నామధ్య నా ఫ్రెండ్ ఒకతన్ని వాళ్ల కంపెనీలో హెచ్‌ఆర్ పిలిచి, చాలా మర్యాదగా ఇంగ్లిష్‌లో మాట్లాడి, ఆరు పేజీల జర్మన్ కాగితం ముందు పెట్టి "ఇది ఫార్మాలిటీ" అన్నారు. వాడు పెన్ను తీశాడు కూడా. ఎందుకో అనుమానం వచ్చి ఇంటికి తీసుకెళ్లి చదువుతానని చెప్పి నాకు ఫోటోలు పంపాడు. పైనే పెద్ద అక్షరాలతో ఔఫ్‌హేబుంగ్స్‌ఫెర్ట్రాగ్ అని ఉంది. అంటే కంపెనీ తీసేయడం కాదు, మన ఇష్టంతోనే మనం పోతున్నట్టు ఒప్పందం. దాని మీద సంతకం పెడితే నిరుద్యోగ భృతి 12 వారాల వరకు ఆపేసే ప్రమాదం ఉంది. అదే వాళ్లు నేరుగా తీసేస్తే, ఇంకు సంతకంతో కాగితం మీద ఇవ్వాలి, ఈమెయిల్ చెల్లదు, అది చేతికొచ్చాక కోర్టుకి వెళ్లడానికి మనకి 3 వారాలు టైమ్ ఉంటుంది. లాయర్ దగ్గరికి ఎలాగూ వెళ్లాలి, ఆ పని మనమే చేసుకోవాలని నేను చెప్పడం లేదు. కానీ లాయర్ దగ్గరికి వెళ్లాల్సిన కాగితం ఇది అని పోల్చుకునేంత భాష అయినా మన దగ్గర ఉండాలి కదా.

రూల్స్ సంగతి చెప్తాను, ఇది నువ్వు ఎలాగూ వెతుకుతావు. బ్లూ కార్డ్ ఉన్నవాళ్లకి ఏ1 చూపిస్తే 27 నెలలకి పీఆర్, బీ1 చూపిస్తే 21 నెలలకే. నేను వచ్చినప్పుడు భాష అంతంతమాత్రం వాళ్లకి 33 నెలలు పట్టేది, 2023 నవంబర్‌లో దాన్ని 27 చేశారు. బద్ధకంతో నేను ఆ 33 కూర్చున్నాను. జర్మన్ పాస్‌పోర్ట్, అంటే పౌరసత్వం, కావాలంటే 2024 జూన్ నుంచి 8 ఏళ్లు బదులు 5 ఏళ్లు చాలు, బీ1 మాత్రం ఉండాలి. దాంతోపాటు 33 ప్రశ్నల పరీక్ష, 17 రైట్ అయితే పాస్, ఆ ప్రశ్నలన్నీ ముందే బయట దొరుకుతాయి కాబట్టి దాని గురించి టెన్షన్ అక్కర్లేదు. సీ1 ఉంటే 3 ఏళ్లకే ఇస్తామని ఒక దారి తెరిచారు, 2025 అక్టోబర్‌లో మళ్లీ మూసేశారు. కాబట్టి పాత వీడియోలు చూసి ప్లాన్ వేసుకోకు. ఇండియా డ్యూయల్ సిటిజన్‌షిప్ ఒప్పుకోదు కాబట్టి మనవాళ్లు చాలామంది పీఆర్ దగ్గరే ఆగిపోతారు, అది ఎవరిష్టం వాళ్లది.

బీ1కి ఎంత టైమ్ పడుతుందని ఎవరిని అడిగినా ఒక్కో మాట చెప్తారు. ప్రభుత్వం నడిపే ఇంటిగ్రేషన్ కోర్సులో భాషకి 600 పీరియడ్లు పెట్టారు, ఒక్కోటి 45 నిమిషాలు, తర్వాత దేశం చట్టం చరిత్ర గురించి ఇంకో 100. ఆ 600ని లెక్కగా పెట్టుకో. వారానికి రెండు సాయంత్రాలు, ఒక్కోసారి 4 పీరియడ్లు అనుకుంటే 75 వారాలు. ఏడాదిన్నర. సెలవులు, ఇండియా ట్రిప్, ప్రాజెక్ట్ రిలీజ్ అన్నీ పోను 21 నెలలకి సరిగ్గా సరిపోతుంది. వచ్చిన నెలలోనే మొదలుపెడితే సరిపోతుంది అంటున్నాను, "సెటిలయ్యాక" మొదలుపెడితే కాదు. సెటిలయ్యాక ఎవరూ మొదలుపెట్టరు.

ఇదంతా ఐటీ వాళ్లకి. నర్సుగా వచ్చేవాళ్లకి ఈ చర్చే లేదు, గుర్తింపు రావాలంటే సాధారణంగా బీ2 కావాలి. తెలంగాణలో టామ్‌కామ్ (విదేశీ ఉద్యోగాలకి పంపే ప్రభుత్వ సంస్థ) ద్వారా వచ్చే అమ్మాయిలు అక్కడే నెలల తరబడి జర్మన్ చదివి వస్తారు, వాళ్ల ముందు మనం బీ1 గురించి గొప్పలు చెప్పుకుంటే నవ్వుతారు. డాక్టర్లకయితే సీ1 స్థాయిలో వైద్య భాష పరీక్ష వేరే ఉంటుంది, పేషెంట్‌తో మాట్లాడటానికి 20 నిమిషాలు, కేసు రాయడానికి 20, ఇంకో డాక్టర్‌కి వివరించడానికి 20. ఇక ఇంగ్లిష్ మీడియం మాస్టర్స్‌కి వచ్చే పిల్లల సంగతి చూస్తే జాలేస్తుంది. రెండేళ్లు క్యాంపస్‌లో ఇంగ్లిష్‌తో గడిపేసి, జాబ్ వెతికేటప్పుడు ప్రతి యాడ్ కిందా "మంచి జర్మన్ తప్పనిసరి" అని చూసి అప్పుడు ఏ1 పుస్తకం కొంటారు.

సరే, నీ కోపం ప్రశ్న. బలవంతం చేసే హక్కు వీళ్లకెక్కడిది?

మా పక్క బిల్డింగ్‌లో ఒక టర్కీ పెద్దాయన ఉండేవాడు. 1960ల్లో వచ్చి జీవితమంతా కార్ల ఫ్యాక్టరీలో పనిచేశాడు. ఆయన జర్మన్ అంతా షాప్‌ఫ్లోర్ జర్మన్, "ఇటు తే, అటు పెట్టు, షిఫ్ట్ అయిపోయింది". ఉత్తరం వస్తే మనవరాలు చదివిపెట్టాలి. జర్మనీ టర్కీతో కూలీల ఒప్పందం చేసుకుంది 1961లో. మొదట రెండేళ్లు పని చేయించుకుని తిప్పి పంపేయాలన్నదే లెక్క, అందుకే వాళ్లని గస్ట్‌ఆర్బైటర్ అన్నారు, అంటే అతిథి కూలీలు. చుట్టాల్లా వచ్చి పోయేవాళ్లకి భాష ఎందుకని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1973లో కొత్తగా తీసుకోవడం ఆపేశారు కానీ వచ్చినవాళ్లు ఉండిపోయారు, పిల్లలు పుట్టారు. చట్టం పెట్టి దేశమంతటా ఇంటిగ్రేషన్ కోర్సులు మొదలైంది ఎప్పుడో తెలుసా? 2005లో. అంటే 44 ఏళ్లు వాళ్లతో పని చేయించుకుని, ఆ తర్వాత "వీళ్లు మన భాష నేర్చుకోరు" అని టీవీల్లో చర్చ పెట్టారు. నాకయితే అది చేసినవాళ్లే నిందించడంలా అనిపిస్తుంది. 2024 చట్టంలో ఆ తరానికి, 1974 జూన్ నెలాఖరు లోపు వచ్చినవాళ్లకి, రాత పరీక్ష తీసేసి రోజువారీ మాటలు వస్తే చాలన్నారు. మంచిదే. వాళ్లలో ఎంతమంది మిగిలున్నారని అడగాలనిపిస్తుంది.

మన ఇండియన్ల కథ కూడా వేరేగా ఏం లేదు. 2000లో ఐటీ వాళ్లు కావాలని గ్రీన్ కార్డ్ పెట్టారు, 5 ఏళ్ల గడువుతో, 20,000 మంది దాకా అన్నారు. ఆ ఏడాదే ఒక రాష్ట్ర ఎన్నికల ప్రచారంలో "కిండర్ స్టాట్ ఇండర్" అన్న నినాదం పుట్టింది, అంటే ఇండియన్ల బదులు మన పిల్లలకే చదువు చెప్పుకుందాం అని. ప్రాస బాగా కుదిరింది, అందుకే ఇప్పటికీ ఇక్కడి నడివయసు వాళ్లకి గుర్తు. కాబట్టి భాష నేర్చుకుంటే అందరూ అక్కున చేర్చుకుంటారని నేను నీకు చెప్పను. నేను సీ1 రాశాను, అయినా ఇంటి కోసం అప్లికేషన్ పెడితే నా పేరు చూసి జవాబివ్వని ఓనర్లున్నారు. తేడా ఏంటంటే, ట్రామ్‌లో ఒకడు ఏదైనా అంటే ఇదివరకు నవ్వి ఊరుకునేవాణ్ణి, మెచ్చుకున్నాడో తిట్టాడో తెలియక. ఇప్పుడు తిట్టాడని తెలుస్తుంది, తిరిగి అనగలను కూడా. ఒక్కోసారి తెలియకపోతేనే బాగుండేదేమో అనిపిస్తుంది, అది వేరే విషయం.

నా మట్టుకు నేను గీసుకున్న గీత ఇదీ. ఓటు, పాస్‌పోర్ట్ ఇవ్వడానికి భాష అడగడంలో నాకు అన్యాయం కనిపించదు, క్లాసులు పెట్టి, వెళ్లడానికి టైమ్ ఇచ్చి అడిగితే. హాస్పిటల్‌లో చూడటానికో, ఇల్లు ఇవ్వడానికో భాష అడ్డుపెట్టడం మాత్రం తప్పు. రెండు షిఫ్టులు ఆఫీసులు తుడిచి రాత్రి పదింటికి ఇంటికొచ్చే తల్లిని "నువ్వెందుకు నేర్చుకోలేదు" అని అడిగే అర్హత సాయంత్రం ఐదింటికి లాప్‌టాప్ మూసేసే మనకి లేదు. కానీ ఆ తల్లికున్న సాకు మనకి లేదు కదా, అదే నేను చెప్పేది.

బెంగళూరుతో పోల్చావు, "అక్కడ పదేళ్లున్నా కన్నడ రాలేదు, ఏమైంది" అని. ఏమీ కాలేదు, ఎందుకంటే అక్కడ ఆటో అతనికి తెలుగు వచ్చు, ఓనర్‌కి తెలుగు వచ్చు, కూరగాయల ఆవిడకి మనకంటే బాగా తెలుగు వచ్చు. భారం వాళ్లు మోశారు, మనకి తెలియలేదంతే. కన్నడ, తెలుగు లిపులు దాదాపు అక్కచెల్లెళ్లు, వారం కూర్చుంటే బస్సు బోర్డులు చదవొచ్చు, అది కూడా చేయలేదు మనం. నేనూ నాలుగేళ్లున్నాను అక్కడ, నాకూ "స్వల్ప అడ్జస్ట్ మాడి" దాటి రాలేదు. కాబట్టి ఇది నిన్ను అనడం లేదు.

ఇంక నువ్వు భయపడుతున్న గ్రామర్. జర్మన్ కష్టం అని ఇంగ్లిష్ వాళ్లు చెప్పిన మాట మనం పట్టుకు తిరుగుతున్నాం. ఇంగ్లిష్ మీదుగా నేర్చుకుంటే కష్టమే. తెలుగు మీదుగా నేర్చుకో, సగం దారి ఇంట్లోనే ఉంది. మనం "నాకు చలిగా ఉంది" అంటాం, వాళ్లు "మీర్ ఇస్ట్ కాల్ట్" అంటారు, అక్షరాలా "నాకు చలి ఉంది". ఇంగ్లిష్ ప్రకారం "నేను చలి" అన్నట్టు "ఇష్ బిన్ కాల్ట్" అంటే, నేను కరకు మనిషిని అన్న అర్థం వస్తుంది. మొదటి చలికాలం నేను ఆఫీసులో అందరికీ రోజూ అదే చెప్పాను. "నాకు నచ్చింది" కూడా అంతే, "డాస్ గెఫెల్ట్ మీర్", ఆ నాకు, నీకు, వాడికి అన్నది జర్మన్‌లో డేటివ్. క్లాసులో స్పెయిన్ కుర్రాడు తప్ప మిగతావాళ్లంతా జుట్టు పీక్కుంటుంటే నాకు మాత్రం అది చిన్నప్పుడు బళ్లో అరిచిన కిన్, కున్ లాగానే అనిపించింది.

క్రియ చివర రావడం ఇంకోటి. "రేపు సాయంత్రం ఆఫీసు అయ్యాక మీ ఇంటికి" అన్నంతవరకు మనవాడు వస్తాడో రాడో తెలియదు, చివరి మాట కోసం ఆగుతాం. జర్మన్‌లో "ఎందుకంటే" అని మొదలుపెడితే క్రియ అలాగే తోక దగ్గరికి పోతుంది, "వైల్ ఇష్ మోర్గెన్ కైనె త్సైట్ హాబె". ఇంకొన్ని క్రియలకయితే సగం ముక్క ముందు, సగం చివర. ఒకసారి స్టేషన్‌లో మైకులో ట్రైన్ నంబర్, ఊరు, టైమ్ అన్నీ విని సంతోషపడి నిలబడ్డాను, చివర్లో "ఔస్" అన్న ఒక్క ముక్క వినిపించుకోలేదు. ప్లాట్‌ఫామ్ అంతా ఖాళీ అయిపోయింది, నేనొక్కణ్ణే మిగిలాను. ఆ ముక్కతో కలిపితే ట్రైన్ రద్దయిందని.

మీరు, నువ్వు తేడా మనకి పుట్టుకతో వచ్చిందే, వాళ్ల జీ, డూ అదే. ఇక డేర్, డీ, డాస్ అనే మూడు లింగాలు. టేబుల్ మగ, దీపం ఆడ ఏంట్రా అని తిట్టుకుంటావు, అమ్మాయి నపుంసకం అని చెప్పినప్పుడు పగలబడి నవ్వుతావు. నేనూ నవ్వాను. తర్వాత ఒక రోజు ఫోన్‌లో "అమ్మాయి వచ్చింది" అని, వెంటనే "బండి వచ్చింది" అని చెప్తుంటే తట్టింది, మన క్రియకీ ఆ రెంటికీ తేడా లేదు కదా అని. అబ్బాయికి మాత్రం "వచ్చాడు". ఇక నవ్వడం మానేశాను. డేర్, డీ, డాస్‌లకి లాజిక్ వెతక్కు, మాటతోపాటు కలిపి బట్టీ పట్టు, వేరే దారి లేదు.

నేర్చుకునే పద్ధతి గురించి ఎక్కువ చెప్పను, అందరూ చెప్తారు. యాప్‌లో నాలుగు వందల రోజుల స్ట్రీక్ ఉన్నవాళ్లు బేకరీలో నోరు మెదపలేకపోవడం చూశాను. సాయంత్రం క్లాసులకి దాదాపు ప్రతి ఊళ్లో ఫోల్క్స్‌హోఖ్‌షూలె, అంటే పెద్దవాళ్ల బడి, ఉంటుంది, ఫీజు ప్రైవేట్ కంటే బాగా తక్కువ, క్లాసులో నీలాంటి పది దేశాల వాళ్లుంటారు, మధ్యలో ఇంగ్లిష్ పనికిరాదు, అదే దాని గొప్ప. నువ్వు జర్మన్‌లో మొదలుపెట్టగానే వాళ్లు ఇంగ్లిష్‌లోకి మారిపోతారు, అవమానించడానికి కాదు, నీకు సాయం చేద్దామని. సిగ్గుపడకుండా "దయచేసి జర్మన్‌లోనే, నేర్చుకుంటున్నాను" అని చెప్పు, మెల్లగా మాట్లాడతారు. ఫోన్‌లో మాట్లాడటం అన్నిటికంటే కష్టం, మొహం కనిపించదు కాబట్టి, అందుకే ముందు కాగితం మీద రాసుకుని డెంటిస్ట్ టెర్మిన్ లాంటి చిన్న వాటితో మొదలుపెట్టు. ఇంకో సంగతి, క్లాసులో నేర్చుకున్నది ఇక్కడ బజార్లో వినిపించకపోతే కంగారుపడకు. ఈ రాష్ట్రం ఒకప్పుడు తన గురించి తానే వేసుకున్న ప్రచారం "మాకు అన్నీ వచ్చు, శుద్ధ జర్మన్ తప్ప" అని. ప్రతి మాట చివరా ఒక "లె" తగిలిస్తారు ష్వాబెన్ వాళ్లు. మన జిల్లా జిల్లాకీ యాస మారినట్టే, ఆరు నెలల్లో చెవికి పడుతుంది.

చివరగా మీ ఆవిడ సంగతి, నువ్వు ఒక్క వాక్యంలో తేల్చేశావు, "తనకి ఎలాగూ అక్కర్లేదట" అని. బ్లూ కార్డ్ వాళ్ల భార్యకి గానీ భర్తకి గానీ వీసాకి ఏ1 అడగరు, నిజమే. మామూలు ఫ్యామిలీ వీసాలో చాలామందికి అది ముందే కావాలి. నేను చూసినంతలో ఆ సౌకర్యమే మనవాళ్లని దెబ్బ తీసింది. నువ్వు పొద్దున్నే ఆఫీసుకి పోతావు, అక్కడ ఇంగ్లిష్ మాట్లాడే ముప్పై మంది ఉంటారు. తను నవంబర్‌లో ఐదింటికే చీకటి పడే ఇంట్లో, కింద పార్సిల్ అబ్బాయి బెల్ కొడితే ఏమంటున్నాడో తెలియక తలుపు తీయకుండా కూర్చుంటుంది. ఉద్యోగం చేసుకునే అనుమతి మొదటి రోజు నుంచే ఉంటుంది, భాష లేక అది కార్డు మీదే మిగిలిపోతుంది. రేపు తనకి సొంతంగా పాస్‌పోర్ట్ కావాలంటే బీ1 తనే రాయాలి, నీ సర్టిఫికెట్ తనకి పనికిరాదు. మా ఇంట్లో నాకంటే ముందు మా ఆవిడే బీ2 పూర్తి చేసింది, ఇప్పుడు ఎల్టర్న్‌ఆబెండ్‌లో, అంటే స్కూల్లో తల్లిదండ్రుల మీటింగ్‌లో, లేచి మాట్లాడేది ఆవిడే, నేను వెనక బెంచీ. ఆ మీటింగులు తేలిగ్గా తీసుకోకు, ఈ రాష్ట్రంలో నాలుగో తరగతి అయ్యేసరికే పిల్లలు ఏ రకం హైస్కూల్‌కి వెళ్లాలో తేలిపోతుంది.

పిల్లల విషయంలో మాత్రం తిరగేసి చెప్తాను, ఇంట్లో జర్మన్ మాట్లాడకు. కొంతమంది భయపడి తమ విరిగిన జర్మన్‌లో పిల్లలతో మాట్లాడతారు, ఆ పిల్లలకి మన తప్పులు వస్తాయి, తెలుగు పోతుంది. కిటాలో, స్కూల్లో వాళ్లు మనకంటే పదింతలు బాగా నేర్చుకుంటారు. మా పాప ఇప్పుడు నా ఉచ్చారణ దిద్దుతుంది, వాళ్ల అమ్మమ్మతో మాత్రం తెలుగులో దెబ్బలాడుతుంది, నాకు అది చాలు.

వీసా ఇంకా రాలేదన్నావు కాబట్టి మీ ఇద్దరికీ రెండు మూడు నెలలు ఉన్నట్టే. హైదరాబాద్‌లో గోథె సెంట్రుమ్ ఉంది, ఏ1 అక్కడే కలిసి మొదలుపెట్టండి, విమానం ఎక్కేలోపు ఎంత అయితే అంత. బీ1 పుస్తకాలు కొనకు, మా కెల్లర్‌లో, అంటే ఇంటి కింద సామాన్ల గదిలో, రెండు సెట్లున్నాయి, నాదొకటి మా ఆవిడదొకటి. ఆవిడది తీసుకో. నా దాంట్లో ఆన్సర్లన్నీ పెన్‌తో రాసేశాను, సగం తప్పులు.